తంబుచెట్టి వీధిలో ఒక న్యాయవాద కార్యాలయం: మా తమ్ముడి ప్రవర్తన పట్టికలోని రెండు ఎర్ర సిరా నమోదులు

సైన్యంలో నాయక్‌గా (సిపాయికి పైన, హవల్దారుకు కింద ఉండే హోదా) పనిచేస్తున్న మా తమ్ముడి సర్వీసు పత్రాలను సరిచేయించడం కోసం గత ఏడాది దాదాపు ఏడు నెలలపాటు చెన్నై తంబుచెట్టి వీధిలోని ఒక న్యాయవాద కార్యాలయం మెట్లు ఎక్కి దిగాను. న్యాయవాదులు తమ గురించి ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధన ఉన్నది కనుక, నా మెప్పు వారికి ప్రకటన కాకూడదని పేరు రాయడం లేదు. పైగా మెప్పుతోపాటు ఫిర్యాదులు కూడా ఉన్నాయి.

ముందుగా విషయం చెప్పాలి. సైనికుడికి పడిన శిక్షలు అతని ప్రవర్తన పట్టికలోకి ఎక్కుతాయి. చిన్నవాటిని నల్ల సిరాతోను, పెద్దవాటిని ఎర్ర సిరాతోను రాసే ఆనవాయితీ వల్ల జవాన్లందరూ వాటిని రెడ్ ఇంక్ ఎంట్రీ, బ్లాక్ ఇంక్ ఎంట్రీ అనే పిలుస్తారు. పదోన్నతి సమయంలో తీసి చూసేది ఆ పట్టికనే. పదవీ విరమణ నాడు డిశ్చార్జి పుస్తకంలో ప్రవర్తన ‘ఎగ్జెంప్లరీ’ అని పడుతుందా, ‘గుడ్’ దగ్గరే ఆగిపోతుందా అన్నది కూడా దానిని బట్టే ఉంటుంది. ఆ తరువాత డీఎస్‌సీలో (డిఫెన్స్ సెక్యూరిటీ కోర్) చేరాలన్నా, బ్యాంకులో గార్డుగా కుదరాలన్నా చేతిలో పెట్టవలసింది ఆ పుస్తకమే. హవల్దారు పదోన్నతి జాబితాలో పేరు రాకపోవడంతో మా తమ్ముడు ఆరా తీయగా, తన పట్టికలో రెండు ఎర్ర సిరా నమోదులు ఉన్నట్లు తెలిసింది. వాటిలో ఒకటి అతనికి తెలిసినదే: మార్కాపురం దగ్గరి మా ఊరికి సెలవు మీద వచ్చి, 2022లో పదకొండు రోజులు ఆలస్యంగా తిరిగి వెళ్లినందుకు పడినది. రెండవది 2021 నాటిది. తాగి ఉన్నాడన్న అభియోగంపై పద్నాలుగు రోజుల డిటెన్షన్, అంటే నిర్బంధం, విధించినట్లు అందులో ఉన్నది. అలాంటిదేదీ జరగనే లేదని అతను ఫోనులో ఏడ్చినంత పని చేశాడు.

నేను బడిపంతులును, చట్టం తెలిసినవాణ్ణి కాను. ఆవడిలో ఉండే ఒక మాజీ సుబేదారు గారు చెప్పగా ఈ కార్యాలయానికి వెళ్లాను. హైకోర్టు ఎదుటి సందులలో ఇలాంటి కార్యాలయాలు వందలున్నా, సైనికుల కేసులు మాత్రమే చూసేవారు కొద్దిమందే. న్యాయవాది గారు తమిళులు. వారి దగ్గర పనిచేసే చిత్తూరు వైపు గుమాస్తా గారు మాటకు మాట తెలుగులో వినిపించేవారు. నేను వెళ్లీ వెళ్లగానే ట్రిబ్యునల్‌లో కేసు వేయమన్నాను. 2007 నాటి చట్టం కింద 2009లో మొదలైన సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు చెన్నైలో పీఠం ఉన్నదని, ఆంధ్ర, తెలంగాణ కేసులు అక్కడికే వస్తాయని ఎక్కడో చదివి వెళ్లాను. వారు నా మాట పూర్తిగా విని, కేసు సంగతి తరువాత చూద్దామని, ముందు కాగితం చూపించమని అన్నారు. నా దగ్గర కాగితమే లేదు. తమ్ముడు చేతిరాతతో ఎత్తిరాసి ఫోనులో పంపిన నాలుగు వరుసలే ఉన్నాయి.

ఆ నాలుగు వరుసల మీద వారు గడిపిన పది నిమిషాలకే నేను ఇచ్చిన 1,500 రూపాయల సంప్రదింపు రుసుము చెల్లిపోయిందని నా అభిప్రాయం. మా తమ్ముడు తాగుతాడా, తాగడా అని వారు అడగలేదు. అడిగి ఉంటే ప్రమాణం చేసి చెప్పగలిగేవాణ్ణి కూడా కాను. నాయక్ హోదా ఏ ఏడాది వచ్చిందని మాత్రం అడిగారు. 2019లో అన్నాను. అప్పుడు ఆర్మీ చట్టం తెరిచి, కోర్టు మార్షల్ లేకుండా కమాండింగ్ అధికారి వేయగల శిక్షల జాబితా ఉన్న 80వ సెక్షన్‌ను, దాని వెంటనే ఉన్న 81వ సెక్షన్‌ను చూపించారు. నాయక్, హవల్దారు వంటి నాన్ కమిషన్డ్ అధికారి హోదాలో ఉన్నవాడికి 80 కింద నిర్బంధ శిక్షలు వేయరాదనీ, సివియర్ రిప్రిమాండ్ అనే తీవ్ర మందలింపును ఆ హోదాకు దిగువనున్న సిపాయికి వేయరాదనీ 81 చెబుతున్నది. అంటే 2021లో నాయక్‌గా ఉన్నవాడికి పద్నాలుగు రోజుల డిటెన్షన్ పడడానికి వీలే లేదు. పడి ఉంటే అది చట్టవిరుద్ధమైన శిక్ష అయినా కావాలి, లేదా ఎవరో సిపాయికి పడినది ఇతని పట్టికలోకి వచ్చి అయినా ఉండాలి. మూడేళ్లుగా యూనిట్‌లో ఆ పట్టికను తిరగేసిన వారెవరికీ ఈ మాట తట్టలేదంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉన్నది.

ఆ తరువాతి పని నెమ్మదిగా సాగింది. శిక్ష పట్టికలోకి ఎక్కడానికి ఆధారంగా యూనిట్ ప్రచురించే ఉత్తర్వు, అంటే పార్ట్ టూ ఆర్డర్, నకలు కావాలి. నేనే సమాచార హక్కు చట్టం కింద అడుగుతానన్నాను. మరొకరి వ్యక్తిగత సమాచారం అన్న కారణంతో 8వ సెక్షన్ కింద తిరస్కరిస్తారని, సొంత అన్న అయినా పరాయివాడి కిందే లెక్క అని చెప్పి, తమ్ముడి సంతకంతోనే దరఖాస్తు, పది రూపాయల పోస్టల్ ఆర్డరు పంపించారు. గడువు ముప్పై రోజులు కాగా ఇరవై ఏడవ రోజున జవాబు వచ్చింది. పార్ట్ టూ ఆర్డర్‌లో సైనిక సంఖ్య అంకెలు మా తమ్ముడివే, కానీ చివరి అక్షరం అతనిది కాదు. సైనిక సంఖ్య చివర ఉండే ఆ ఆంగ్ల అక్షరం అలంకారానికి పెట్టినది కాదు. అంకెల నుంచి లెక్కగట్టి వచ్చేది, అంకె తప్పు పడితే పట్టివ్వడానికే ఉన్నది. అదే ఇంటి పేరుగల మరొక సిపాయి సంఖ్యలో రెండు అంకెలు తారుమారై ఇతని సంఖ్యగా మారిపోయాయి, అక్షరం మాత్రం ఆ సిపాయిదే మిగిలిపోయింది.

ఇక్కడ ఈ కార్యాలయం చేసిన మేలు ఇంకొకటి ఉన్నది. ఆర్మీ చట్టంలోని 26వ సెక్షన్ కింద ఫిర్యాదు పెట్టించమని తమ్ముడు పట్టుబట్టాడు. పై అధికారి వల్ల అన్యాయం జరిగిందని చెప్పుకోవడానికి అధికారులు కానివారికి ఉన్న దారి అది. గుమాస్తా పొరపాటుకు ఆ బాణం ఎందుకని, కోపంగా రాస్తే దానిని ముందుకు పంపవలసిన కమాండింగ్ అధికారే ఎదుటి పక్షమవుతారని న్యాయవాది గారు వారించి, మర్యాదగా ఒకటిన్నర పుటల విన్నపం రాసి ఇచ్చారు. అందులో నిందావాక్యం ఒక్కటీ లేదు. హోదా వచ్చిన తేదీ, 81వ సెక్షన్, సంఖ్య చివరి అక్షరం, తప్పు నమోదును రద్దు చేస్తూ కొత్త పార్ట్ టూ ఆర్డర్ ప్రచురించమన్న కోరిక, అంతే. తమ్ముడు దానిని కంపెనీ కమాండర్ ద్వారా సమర్పించాడు. యూనిట్ నుంచి రికార్డు కార్యాలయానికి, అక్కడి నుంచి ఒక వివరణ కోసం వెనక్కి, మళ్లీ ముందుకు తిరిగి, అయిదవ నెలలో రద్దు ఉత్తర్వు వెలువడింది.

2022 నాటి నమోదు మాత్రం అలాగే ఉన్నది. ఆ పదకొండు రోజులూ మా పినతల్లి పక్షవాతంతో ఒంగోలు ఆసుపత్రిలో ఉన్నది. మా అమ్మ పోయాక మమ్మల్ని పెంచినది ఆమే. మా నాన్నగారి తరం జవాన్లు సెలవు పొడిగింపు కోసం టెలిగ్రాం కొట్టేవారు. 2013లో ఆ సేవే మూతపడింది, ఇప్పుడు ప్లటూన్ హవల్దారుకు వాట్సాప్‌లో సందేశం పెట్టి జవాబు వచ్చిందనుకోవడమే మిగిలింది. తమ్ముడూ అదే చేశాడు. ఆర్మీ చట్టంలోని 39వ సెక్షన్ తగిన కారణం లేకుండా సెలవు మించడాన్నే నేరంగా చెబుతున్నది కనుక ఆ సందేశమే మా బలమని నేను వాదించాను. కానీ మార్చప్‌లో, అంటే విచారణకు కమాండింగ్ అధికారి ఎదుట, నిలబెట్టినప్పుడు తమ్ముడు నేరం ఒప్పుకొన్నాడు. ఆర్మీ రూల్ 22 ప్రకారం సాక్షులను పిలిచే, ప్రశ్నించే అవకాశం ఉన్నా, పని తొందరగా ముగుస్తుందని మౌనంగా ఊరుకున్నాడు. నాయక్‌కు వేయదగిన తీవ్ర మందలింపు, పద్నాలుగు రోజుల జీతం మించని జరిమానానే వేశారు కనుక చట్టప్రకారం అక్కడ పట్టు దొరకదు. ట్రిబ్యునల్ చట్టం సర్వీసు విషయాల నిర్వచనంలో సమ్మరీ (క్లుప్త) విచారణల గురించి చెప్పేటప్పుడు డిస్మిసల్, అంటే ఉద్యోగం నుంచి తొలగింపు, పడినవాటినే పేర్కొంటున్నదని, సెలవు సంగతులను ఏకంగా మినహాయించిందని, అక్కడికి వెళ్తే అసలు విషయానికి రాకముందే ఈ వాదనతోనే ఏడాది గడుస్తుందని న్యాయవాది గారు తేల్చి చెప్పారు. కేసు వేస్తే వారికి రుసుము వచ్చేది, అయినా వద్దన్నారు. తమ్ముడికి ఇది రుచించలేదు, నాకూ ఆ రోజు రుచించలేదు. నాలుగు ఎర్ర సిరా నమోదులు పడినంత మాత్రాన విచారణ లేకుండా, సర్వీసు కాలాన్ని, నేరాల స్వభావాన్ని చూడకుండా యాంత్రికంగా ఇంటికి పంపరాదని 2015లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పును చూపించి, ఒక్క నమోదుతో కొంప మునగదని ధైర్యం చెప్పారు.

ఇక ఫిర్యాదులు. కోర్టు వేళలలో ఫోను ఎత్తరు. సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్యనే మాట్లాడగలం, ఆ గంటలోనే అందరూ చేస్తారు. సియాచిన్ వంటి చోట్ల ఉన్న జవానుకు సిగ్నల్ దొరికే వేళకూ వీరి వేళకూ పొంతన కుదరదు. విన్నపం రాసినందుకు 8,000 రూపాయలు తీసుకున్నారు. అది న్యాయమే, కానీ ఆ అంకె మొదటి రోజే చెప్పి ఉండవలసింది. అన్నిటికన్నా నన్ను బాధించినది అనువాదం. 2022 నాటి నమోదు పరిశీలన కోసం గ్రామ రెవెన్యూ అధికారి ఇచ్చిన తెలుగు ధ్రువపత్రాన్ని బయటి అనువాదకుడి చేత ఇంగ్లిషులోకి మార్పించారు. అందులో ‘పినతల్లి’ ఉన్న ప్రతి చోటా అతను ‘ఆంటీ’ అని రాశాడు. కన్నతల్లి స్థానంలో ఉన్న మనిషికి ప్రాణం మీదికి వచ్చిందని ఆగిపోయినవాడు, ఆ కాగితంలో ఎవరో చుట్టం కోసం ఆగిపోయినవాడుగా కనబడతాడు. నేను చూసి చెప్పేవరకు అది ఫైలులో అలాగే ఉన్నది. చిత్తూరు గుమాస్తా గారు ఒక్కసారి చదివి ఉంటే సరిపోయేది. చదవడం తన పని కాదనుకున్నారట.

తప్పు ఒప్పుకొని మళ్లీ రాయించారు. నాలుగు పుటల అనువాదానికి పుచ్చుకున్న 600 రూపాయలలో ఆ పుటకు చెందిన 150 రూపాయలు తరువాతి బిల్లులో తగ్గిస్తామన్నారు. తరువాతి బిల్లు అవసరం రాలేదు.