బీఎండబ్ల్యూ వెనక డ్రైవ్‌లో బేరింగ్ పోతే: సీలా, బేరింగా, పాత యూనిట్టా, కొత్తదా?

షాఫ్ట్ బండి, అంటే చైన్ బదులు తిరిగే ఇనుప కడ్డీతో వెనక చక్రాన్ని తిప్పే మోటార్‌సైకిల్, కొన్నవాళ్ళు మొదట చెప్పే మాట, చైన్ గోల లేదని. నిజమే. ఆయిల్ రాయక్కర్లేదు, బిగించక్కర్లేదు, స్ప్రాకెట్లు కొనక్కర్లేదు. కాకపోతే చైన్ అరుగుతుంటే కంటికి కనబడుతుంది. షాఫ్ట్ బండి వెనక చక్రం పక్కనున్న అల్యూమినియం హౌసింగ్‌లో (దీన్నే ఫైనల్ డ్రైవ్ అంటారు) బేరింగ్ అరుగుతుంటే బయటికి తెలియదు. తెలిసేసరికి రిమ్ము మీద ఆయిల్ ఉంటుంది.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా బీఎండబ్ల్యూ ఆర్1100, ఆర్1150, కే1200ఎల్‌టీ గురించి. అమెరికాలో ఇవి సెకండ్ హ్యాండ్‌లో ఇంకా దొరుకుతాయి. కొనబోయే ప్రతివాడికీ ఎవరో ఒకరు "ఫైనల్ డ్రైవ్ చూసుకో" అని హెచ్చరిస్తారు. ఆ హెచ్చరిక ఊరికే పుట్టలేదు. ముఖ్యంగా కే1200ఎల్‌టీ బరువైన టూరింగ్ బండి, దాని మీద ఇద్దరు మనుషులు, మూడు పెట్టెల సామాను. ఆ మోడల్‌కి ఈ జబ్బు బాగా పేరు తెచ్చింది.

లోపలి సంగతి కాస్త చూద్దాం. షాఫ్ట్ చివర పినియన్ అనే చిన్న గేరు, దానితో కలిసి తిరిగే క్రౌన్ వీల్ అనే పెద్ద గేరు. క్రౌన్ వీల్‌కి చక్రం వైపు పెద్ద బాల్ బేరింగ్, అవతలి వైపు టేపర్ రోలర్ బేరింగ్. చక్రానికి ఒకే పక్కన ఆధారం ఉంటుంది కాబట్టి గుంతలో పడిన ప్రతిసారీ దెబ్బ పెద్ద బేరింగ్ మీదే పడుతుంది. ఈ రెండు బేరింగుల్నీ కొద్దిపాటి ఒత్తిడితో నొక్కి పట్టి ఉంచేది కవరు కింద ఉండే సన్నని రింగు, అంటే షిమ్. ఆ నొక్కుడు 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. వదులైతే గోళీలు ఎగిరెగిరి రేసుని, అంటే అవి దొర్లే ఉక్కు దారిని, కొడతాయి. ఎక్కువైతే వేడెక్కి రేసు పొట్టు లేస్తుంది. ఎటు తప్పినా చివరికి అయ్యేది ఒకటే. ఒకే మోడల్ బండ్లలో ఒకటి లక్షన్నర కిలోమీటర్లు దాటినా కిమ్మనకుండా నడుస్తూ, మరొకటి అందులో సగానికే పోతుంటే మెకానిక్కులు మొదట ఈ షిమ్మునే అనుమానిస్తారు. నాకూ అదే సబబు అనిపిస్తుంది.

ఏం మార్చాలో తేల్చుకునే ముందు ఏం పోయిందో తేల్చుకోవాలి. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడుతుంటే వెంటనే ఫైనల్ డ్రైవ్‌ని తిట్టొద్దు. రెండోసారి ఊపేటప్పుడు ఇంకొకర్ని స్వింగార్మ్ (వెనక చక్రాన్ని మోసే చేయి), డ్రైవ్ హౌసింగ్ కలిసే చోట బొటనవేలు ఆనించి పెట్టమనండి. ఆ కీలు దగ్గరే కదలిక తెలిస్తే పోయినవి పివట్ బేరింగులు. వాటి ఖర్చు తక్కువే. పిన్నులు లాక్‌టైట్ అనే జిగురుతో అతుక్కుని ఉంటాయి కాబట్టి వేడి చేసి విప్పాలి, అంతే. హౌసింగ్ కదలకుండా చక్రం ఒక్కటే ఆడితే అది పెద్ద బేరింగే.

తర్వాత ఆయిల్ దింపండి. డ్రెయిన్ బోల్టుకి అయస్కాంతం ఉంటుంది. దానికి కాటుకలా మెత్తటి నల్లని ముద్ద అంటుకుని ఉంటే కంగారు పడక్కర్లేదు, గేర్లు తిరిగిన చోట అది మామూలే. వేళ్ళ మధ్య నలిపితే గరగరలాడుతూ, వెలుతురులో తళుక్కుమనే ఇనుప రేకులు కనబడితే మాత్రం రేసు పొట్టు లేస్తున్నట్టే. ఈ పరీక్షకి పది నిమిషాలు చాలు, కింద చెప్పే నాలుగు దార్లలో ఏది పట్టాలో తేల్చేదీ ఇదే.

మొదటి దారి, సీల్ (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) మాత్రం మార్చడం. ఆయిల్ కారుతోంది, సీల్ మార్చాం, కారడం ఆగింది. చాలా వర్క్‌షాపులు ఇక్కడితో సరిపెడతాయి. చక్రంలో బొత్తిగా ఆట లేకుండా, అయస్కాంతం మీద రేకులు లేకుండా ఉంటే ఇది తప్పు కాదు. సీల్ దానంతటదే గట్టిపడి కారొచ్చు, ఆయిల్ ఎక్కువ పోసినా కారొచ్చు. కానీ ఎక్కువసార్లు బేరింగ్ వదులై, షాఫ్ట్ ఊగి, ఆ ఊపుకి సీల్ పెదవి పాడవుతుంది. అప్పుడు కొత్త సీల్ వేస్తే మనకు ఉన్న ఒకే ఒక్క హెచ్చరికను మూసేసినట్టు. నాలుగింటిలో నేను గట్టిగా వద్దనేది ఇదొక్కటే.

రెండోది, బేరింగూ సీలూ కలిపి మార్చడం. నా ఓటు దీనికే, ఒక షరతుతో. పని మరీ పెద్దదేం కాదు. కవరు విప్పి, క్రౌన్ వీల్ మీది పాత బేరింగ్‌ని పుల్లర్‌తో లాగి, కొత్తదాన్ని వేడి చేసి దించుతారు. సామాను ఉంటే ఇంటి గ్యారేజీలోనే అయిపోతుంది. పేచీ అంతా షిమ్ము దగ్గర. "అదే నంబర్ బేరింగ్ కదా, పాత షిమ్మే వేసెయ్" అనే సలహా తెగ వినబడుతుంది. మామూలు గ్రేడ్ బేరింగుల ప్రమాణాల్లో, ఈ సైజుకి వెడల్పులో మిల్లీమీటరులో పదో వంతుకి పైగా తేడా ఉన్నా పాసే. మనకి కావలసిన నొక్కుడేమో మొత్తం కలిపినా పదో వంతు దాటకూడదు. అంటే పాత షిమ్ముతో లెక్క కుదిరితే అదృష్టం, కుదరకపోతే ఇరవై వేల కిలోమీటర్ల తర్వాత మళ్ళీ ఇదే పని. పైగా ఫ్యాక్టరీలో వేసిన షిమ్మే తప్పైతే, ఆ తప్పును మన చేతులతో మళ్ళీ బిగించినట్టవుతుంది.

అందుకని కొలవాలి. సీల్ లేకుండా, హౌసింగ్ అంచు నుంచి బేరింగ్ ఎంత పైకి ఉందో డెప్త్ గేజ్‌తో ఒకసారి, కవరు అంచు నుంచి బేరింగ్ కూర్చునే గుంట ఎంత లోతుందో ఇంకోసారి. ఈ రెండింటి మధ్య తేడాకి నొక్కుడు కలిపితే వేయాల్సిన షిమ్ మందం వస్తుంది. వర్క్‌షాపుకి ఇచ్చేవాళ్ళు ముందే అడగండి: "షిమ్ కొలుస్తారా, పాతదే వేస్తారా?" నీళ్ళు నమిలితే బండి తోలుకుని వచ్చేయండి.

మూడోది, బండ్లు విప్పి అమ్మే చోట పాత యూనిట్ కొని బిగించడం. పని తేలిక, సాయంత్రానికి బండి రోడ్డెక్కుతుంది. అందుకే దీనికి గిరాకీ. కానీ ఆ యూనిట్ లోపల ఉన్నదీ అదే డిజైన్, అదే వయసు బేరింగ్. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అమ్మేవాడు చెప్పిందే లెక్క. పైగా అన్నీ ఒకేలా కనబడినా గేర్ నిష్పత్తులు, అంటే క్రౌన్ వీల్ పళ్ళకీ పినియన్ పళ్ళకీ ఉన్న లెక్క, వేరు. ఆర్1100జీఎస్‌కి 33/11, ఆర్1100ఆర్‌టీకి 32/11, ఆర్1100ఆర్ఎస్‌కీ ఆర్1150జీఎస్‌కీ 31/11. చూడకుండా 1100జీఎస్‌కి 31/11 బిగిస్తే అదే వేగానికి ఇంజిన్ ఆరు శాతం తక్కువ తిరుగుతుంది. హైవే మీద హాయిగానే ఉంటుంది, సామానుతో ఘాట్ ఎక్కేటప్పుడు మొదటి గేర్‌లో క్లచ్ ఉసురు తీస్తుంది. బ్రేకు, ఏబీఎస్ సెన్సర్ బిగింపులు కూడా సరిచూసుకోవాలి. క్రౌన్ వీల్ పళ్ళు విరిగినా, హౌసింగ్ పగిలినా ఈ దారి తప్పదు. అప్పుడైనా బిగించే ముందు యూనిట్ తెరిచి కొత్త బేరింగ్, సీల్ వేయడం మేలు. ఎలాగూ తెరవక తప్పనప్పుడు, గేర్లు బాగుంటే మన యూనిట్‌నే తెరవచ్చు కదా అన్నది నా వాదన.

నాలుగోది, డీలర్ దగ్గర కొత్త యూనిట్. పాతికేళ్ళ బండికి ఆ డబ్బు పెట్టడం నాకైతే మనసొప్పదు. వారంటీలో ఉన్న బండికైతే సరే.

2004లో వచ్చిన ఆర్1200జీఎస్ కథ వేరు. డ్రైవ్ కొత్త డిజైన్, మధ్యలో బోలు. మొదట్లో దీని ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదన్నారు, తర్వాత మాట మార్చి సర్వీసులో చేర్చారు. పట్టేది 180 మిల్లీలీటర్లు, అంటే టీ గ్లాసుడు కంటే కాస్త ఎక్కువ. అంత కొంచెం ఆయిల్‌ని జీవితాంతం నమ్మమనడం మొదటి నుంచీ అతిగానే తోచింది. ఈ బండ్లు కొనేవాళ్ళు 2015 రీకాల్ కూడా చూసుకోవాలి. వెనక చక్రం బిగించే అల్యూమినియం ఫ్లేంజ్ (బోల్టులు ఎక్కే బిళ్ళ) పగులుతోందని ఉక్కుది వేశారు. మీరు చూస్తున్న బండికి ఆ పని జరిగిందో లేదో ఛాసీ నంబర్‌తో తెలుసుకోవచ్చు.

మన దగ్గర ఇలాంటి పాత బండి ఉన్నవాళ్ళు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బేరింగ్ వెతుక్కోవచ్చు. అయితే లోపలి వ్యాసం, బయటి వ్యాసం కలిశాయని తెచ్చేసుకోకండి. లోపలి క్లియరెన్స్ కోడ్, అంటే గోళీలకీ రేసుకీ మధ్య ఎంత ఖాళీ ఉందో చెప్పే గుర్తు, కూడా కలవాలి. సీల్ మాత్రం కంపెనీదే తెప్పించుకోండి.

ఇంకోటి, చక్రం చేతికే ఆడుతుంటే "ఇంటిదాకా నెమ్మదిగా పోదాం" అనుకోవద్దు. గోళీల్ని ఎడంగా పట్టి ఉంచే బేరింగ్ కేజ్ విరిగితే గోళీలు ఒక పక్కకి చేరి చక్రం ఒరుగుతుంది, ఆ ముక్కలు గేర్ల మధ్య పడతాయి. అక్కడితో రెండో దారి మూసుకుపోయి మూడోదే మిగులుతుంది. ట్రెయిలర్ పిలవడమే చవక.

రిపేర్ అయ్యాక వెయ్యి కిలోమీటర్లకి ఆయిల్ మళ్ళీ దింపి అయస్కాంతం చూడండి. ఆ ఒక్కసారికి కొద్దిగా పొడి కనబడటం సహజం. ఆ తర్వాత పది వేలకి దింపినప్పుడు కూడా రేకులు కనబడితే మాత్రం షిమ్ లెక్క తప్పిందనుకుని కవరు మళ్ళీ విప్పాల్సిందే.