హెడ్ గ్యాస్కెట్ పోయిన పాత లారీ: పైపని చాలా, మొత్తం విప్పాలా, విప్పితే ఇంటి దగ్గరా ఆటోనగర్‌లోనా?

గట్టమ్మ గుట్ట దగ్గర ఇంజన్ వేడి చూపించే ముల్లు ఎర్రగీత ఎక్కింది. వెనక వడ్ల లోడు, పక్కన క్లీనర్. రేడియేటర్ చల్లారాక మూత తీస్తే లోపల చుక్క నీళ్లు లేవు. పొద్దున బయల్దేరేటప్పుడు నిండా పోసినవే. కింద ఎక్కడా తడి కూడా లేదు. డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) లాగితే ఆ నీళ్లు ఎక్కడికి పోయాయో తెలిసింది. ఆయిల్ నల్లగా లేదు. పాలు ఎక్కువైన చాయ్ రంగులో, నురగతో, పై గీత కంటే రెండు వేళ్లు ఎక్కువగా ఉంది.

బండి టాటా 1613. ఆరు సిలిండర్ల 697 ఇంజన్, 5,675 సీసీ, పాత బెంజ్ డిజైన్ నుంచి వచ్చింది. నాకు తెలిసి 7 లక్షల కిలోమీటర్లు దాటింది. తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చేసరికే సలహాలు సిద్ధంగా ఉన్నాయి. హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్లుండే బ్లాక్‌కూ, దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కూ నడుమ ఉండే ప్యాకింగ్) మార్చి తోలుకో అని ఒకరు, అదే పైపని. ఎట్లాగూ బోరుకొచ్చిన (సిలిండర్లు అరిగిన) ఇంజన్, మొత్తం విప్పు అని ఇంకొకరు. ఆటోనగర్‌లో పడేసి పది రోజులు మరిచిపో బావా అని బామ్మర్ది. స్క్రాపు బండి ఇంజన్ ఎత్తి పెడదాం అని ఒక బ్రోకర్.

వీటిలో పైపని ఇదే బండికి అంతకు రెండున్నరేళ్ల ముందు చేయించాను. ఇంటి దగ్గర మొత్తం విప్పడం ఈసారి చేశాను. ఆటోనగర్ పని బామ్మర్ది బండికి దగ్గరుండి చూశాను. కాబట్టి మూడింటి గురించీ చూసిందే చెబుతున్నా.

ఏ దారి పట్టినా, పోయింది గ్యాస్కెట్టేనని ముందు తేల్చుకోవాలి. చల్లటి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు తన్నుకొస్తున్నాయని వెంటనే హెడ్ విప్పేస్తారు. నీళ్లతో చల్లబడే ఎయిర్ కంప్రెసర్ ఉన్న బండ్లలో ఆ కంప్రెసర్ హెడ్ ప్యాకింగ్ పోయినా అవే బుడగలు వస్తాయి. ఆయిల్ కూలర్ పగిలినా ఆయిల్, నీళ్లు కలుస్తాయి. ఇంత పెద్ద హెడ్ దించాక తప్పు కంప్రెసర్‌దని తేలితే ఎట్లుంటదో ఊహించుకోండి. ఇంకో మాట, ఆయిల్ తెల్లగా కనిపించాక ఆ ఇంజన్ మళ్లీ స్టార్ట్ చేయొద్దు. బుడగల పరీక్ష ఆయిల్ బాగున్న బండికే.

పైపని అంటే హెడ్ దించి, లేత్ షాపులో ఫేసింగ్ (అడుగు చదును) చేయించి, వాల్వులు రుద్ది, కొత్త గ్యాస్కెట్ వేసి బిగించడం. మొదటిసారి నాకు మూడు రోజుల్లో అయిపోయింది. అది మార్చి నెల, వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు దిగే రోజులు. బండి ఒక్కరోజు నిలబడినా నష్టమే. అప్పుడు గ్యాస్కెట్ 3, 4 సిలిండర్ల మధ్య కాలింది. విప్పి చూస్తే ఆ రెండు రంధ్రాల మధ్య చిటికెన వేలంత నల్లటి దారి. ఆయిల్‌లో నీళ్లు కలవలేదు. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే బ్యాక్ కంప్రెషన్ (రింగులు దాటి కిందికి వచ్చే గ్యాసు) కొంచెమే కొట్టింది. అలాంటి బండికి పైపని సరిపోతుంది. ఇప్పుడు మళ్లీ అదే పరిస్థితి వచ్చినా అదే చేస్తాను.

కానీ ఆ పైపనిలో రెండు తప్పులు జరిగాయి. హెడ్ ఫేసింగ్ చేయించారు గానీ బ్లాక్ పైభాగం ఎవరూ చూడలేదు. పాత ప్యాకింగ్ అంటుకుంటే గ్రైండర్‌కు ఎమెరీ బిళ్ల పెట్టి గీకారు. చూడ్డానికి మెరిసింది. ఈసారి విప్పినప్పుడు దాని మీద స్ట్రెయిట్ ఎడ్జ్ (వంకర లేని ఇనుప బద్ద) పెట్టి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకు) తోస్తే, గీకిన చోట ఉత్త కాగితం దూరినట్టు దూరింది. కొత్త గ్యాస్కెట్ అట్లాంటి పల్లం మీద ఎన్నాళ్లు ఆగుతుంది? రెండో తప్పు నాదే. గ్యాస్కెట్ ఎందుకు కాలిందని అడగలేదు. ఊరి బోరు నీళ్లే ఏళ్ల తరబడి పోశాను. మా బోరు నీళ్లు కాగితే గిన్నెకు తెల్లగా పొర కడుతుంది. ఆ పొరే రేడియేటర్ గొట్టాల్లోనూ కట్టింది. వేడెక్కుతుందని మధ్యలో ఎవరో థర్మోస్టాట్ (వేడిని బట్టి రేడియేటర్‌కు నీళ్లు వదిలే వాల్వు) కూడా పీకి పారేశారు. మనవైపు అది మామూలే. రేడియేటర్ ఊడదీసి గొట్టాలు శుభ్రం చేయించకుండా, థర్మోస్టాట్, వాటర్ పంపు సీలు, ఫ్యాన్ బెల్టు చూడకుండా ఏ దారిలో ఖర్చు పెట్టినా బూడిదలో పోసిన పన్నీరే.

పైన గట్టిచేస్తే కింద రింగులు వదిలేస్తాయని మిస్త్రీలు బెదిరిస్తారు. ఇందులో సగం నిజం. వాల్వులు బిగుతుగా మూసుకున్నాక ఒత్తిడికి అరిగిన రింగుల దారి ఒక్కటే మిగులుతుంది, అప్పటిదాకా కనబడని అరుగు బయటపడుతుంది. నా బండి పైపని తర్వాత ఆయిల్ కొంచెం ఎక్కువే తాగింది. అయినా రెండున్నరేళ్లు తిరిగింది, ఆ కాలంలో కిస్తీలు తీర్చాను.

ఈసారి సంగతి వేరు. నీళ్లు ఆయిల్‌లో కలిశాయి, ఆ ఆయిల్‌తోనే గుట్ట ఎక్కాను. నీళ్లు కలిసిన ఆయిల్ బేరింగుల మీద పొర నిలబెట్టలేదు. చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) విప్పి, రెండు బేరింగ్ క్యాపులు తీసి చూశాను. బూడిద రంగులో నున్నగా ఉండాల్సిన బేరింగుల మీద రాగి రంగు కనిపించింది. పైన సిలిండర్ గోడకు గోరు పెట్టి కిందికి జార్చితే, రింగు ఎక్కడిదాకా వస్తుందో అక్కడ మెట్టు గోరుకు తగిలింది. ఈ రెండూ చూశాక పైపని మాట ఎవరూ ఎత్తలేదు. నా లెక్క ఇదే: హెడ్ దించినరోజే చాంబర్ కూడా దించి చూడాలి. నేల మీద పడుకుని చేసే ఒక పూట పని. అది చూడకుండా పైపనా, ఫుల్ ఇంజనా అని వాదించుకోవడం దండగ.

ఇక ఫుల్ ఇంజనే అనుకున్నాక ఇంటి దగ్గరా, ఆటోనగరా?

ఇంటి దగ్గర ఇంజన్ చేయడం అంటే ఇంటి దగ్గర విప్పి, ఇంటి దగ్గర బిగించడమే. నడుమ పనంతా లేత్ షాపుది. కొన్ని ఇంజన్లలో స్లీవుల (సిలిండర్ లోపలి గొట్టాల) బయటి గోడకు నేరుగా నీళ్లు తగులుతాయి. వాటిని పుల్లర్‌తో లాగి కొత్తవి చేత్తోనే దించొచ్చు, బ్లాక్ బండిలోనే ఉంటుంది. నా బండివి పొడి స్లీవులు, బ్లాక్‌లో బిర్రుగా ఒత్తి ఉంటాయి. తీయడానికి ప్రెస్ కావాలి, వేశాక బోరింగ్ (కొలతకు తొలచడం), హోనింగ్ (రాయితో గోడ రుద్దడం) కావాలి. కాబట్టి బ్లాక్ వరంగల్‌కు ట్రాలీలో పోవాల్సిందే. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) కూడా గ్రైండింగ్‌కు పోయింది. 0.25 మిల్లీమీటర్ల అండర్‌సైజుతో (అంత సన్నగా అరగదీయడంతో) పని ముగిసింది. హెడ్‌కు ప్రెజర్ టెస్ట్, నాజిళ్లకు, పంపుకు వేరే షాపు. అంతా ఇంటి దగ్గరే అయిపోతుందని అనుకునేవాళ్లు ముందు తమ ఇంజన్‌లో ఏ రకం స్లీవులున్నాయో అడిగి తెలుసుకోవాలి.

మరి ఇంటి దగ్గర చేసి బాగుపడేదేంటి? కడగడం, కొలవడం. షెడ్డులో మిస్త్రీకి ఇవి చేసేంత తీరిక ఉండదు. నేను బ్లాక్ ఆయిల్ దారుల మూతలన్నీ విప్పి, సీసాలు కడిగే బ్రష్‌తో, డీజిల్‌తో, తర్వాత సబ్బు నీళ్లతో రెండు రోజులు కడిగాను. హోనింగ్ తర్వాత సిలిండర్లలో మిగిలే రాతిపొడి డీజిల్‌తో పోదు, సబ్బు నీళ్లతోనే పోతుంది. తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి, వెంటనే ఆయిల్ పూయాలి. 12 టాపెట్లను (వాల్వులను కదిలించే ముక్కలు) గుడ్ల అట్టలో వరుస తప్పకుండా పెట్టాను. వాటి మీద నిలిచే పుష్ రాడ్లను అట్టపెట్టెకు రంధ్రాలు పొడిచి నిలబెట్టాను. ఎక్కడిది అక్కడికే వెళ్లాలి, అరిగిన జంటలు మారకూడదు. ప్రతి రింగునూ దాని సిలిండర్‌లోనే దించి మూతి ఖాళీ (రింగు రెండు కొసల నడుమ సందు) కొలిచాం. ఒకటి తేడా వస్తే సెట్టు మార్పించాను.

హెడ్ బోల్టుల రంధ్రాలు పూర్తిగా ఆరబెట్టడం ఇంకోటి. అడుగు మూసుకున్న రంధ్రంలో ఆయిల్ గానీ నీళ్లు గానీ మిగిలితే, బోల్టు దిగేకొద్దీ అది ఎటూ పోలేక బ్లాక్‌నే పగలగొడుతుంది. గాలి కొట్టి, గుడ్డ చుట్టిన పుల్ల దింపి చూశాం. బిగింపు దగ్గర మిస్త్రీకీ నాకూ గొడవైంది. ఆయన పానాకు పైపు తొడిగి సిద్ధంగా ఉన్నాడు.

"ముప్పై ఏళ్ల చెయ్యి అన్నా ఇది, ఎంత బిగించాల్నో చెయ్యే చెప్తది."

"చెప్తది గానీ, అన్ని బోల్టులకూ ఒకటే మాట చెప్తదా?"

నవ్వి పైపు పక్కన పెట్టాడు. టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) అడిగి తెచ్చుకున్నాం. నడిమి బోల్టు నుంచి మొదలుపెట్టి అటూ ఇటూ బయటికి, మూడు విడతలుగా, పుస్తకంలో ఉన్న కొలతకు. ఎంత బిగించాలో నేను ఇక్కడ రాయను. ఇంజన్ ఇంజన్‌కూ, బోల్టు రకానికీ అది మారుతుంది.

బామ్మర్ది బండి ఆటోనగర్‌లో ఒక షెడ్డులో 9 రోజుల్లో అయింది. నాకు 26 రోజులు పట్టింది. రోహిణి కార్తె చివర్లో ఎండకు పానా పట్టుకుంటే చెయ్యి కాలేది, ఆ తర్వాత వాన మొదలై తాట్పత్రి కింద నాలుగు రోజులు చేతులు కట్టుకుని కూర్చున్నాం. కూలి మిగిలింది, కిరాయి పోయింది. యాసంగి వడ్లు మిల్లులకు చేరడం అప్పటికే తగ్గింది కాబట్టి తట్టుకున్నాను. అదే సీజన్ నడుమ అయితే మిగిలిన కూలికి రెండింతలు పోయేది.

షెడ్డు వాళ్లను తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. నెలకు నాలుగైదు ఇంజన్లు దించే చేతులవి. స్టార్ట్ చేసిన చప్పుడు విని ఏ టాపెట్ వదులో చెప్పేస్తారు. బామ్మర్ది బండిలో క్రాంక్ కొలవకుండానే బాగుందన్నారు, పాత సామాన్లు చూపించలేదు. నాకు నచ్చలేదు. కానీ ఆ బండి ఇప్పటికీ తిరుగుతోంది. పైగా నెలలో ఆయిల్ కారితే తీసుకెళ్లి వాళ్ల ముందే నిలబెట్టాడు, పైసా తీసుకోకుండా సరిచేశారు. నాకు ఆ సుఖం లేదు. మొదటిసారి స్టార్ట్ చేయగానే వెనక ఆయిల్ సీలు దగ్గర కారింది. సీలు వంకరగా కూర్చుంది, తప్పు మాదే. గేర్‌బాక్స్ మళ్లీ దించాం. ఆ 26 రోజుల్లో రెండు రోజులు దానివే.

కాబట్టి ఒక్కటే బండి, కిస్తీ నడుస్తోంది, సీజన్ మీదుంది అంటే ఆటోనగర్‌కే తోలండి. రోజూ ఒక పూట వెళ్లి కూర్చోండి, క్రాంక్ కొలత మీ ముందే చూపించమనండి, పాత సామాను ఇంటికి తెచ్చుకోండి. కిరాయిలు పలచబడ్డ రోజులై, కప్పున్న చోటు, బరువెత్తే చైన్ బ్లాక్, కనీసం ఒక అనుభవమున్న చెయ్యి ఉంటే ఇంటి దగ్గరే మేలు. ఆరు సిలిండర్లకూ ఒకటే హెడ్, ఇద్దరు మోసేది కాదు. వేపకొమ్మకు గొలుసు కట్టే సాహసం చేయకండి.

బ్రోకర్ చెప్పిన పాత ఇంజన్ సంగతా? బ్లాక్ పగిలితేనే ఆ మాట. దాని లోపల ఏముందో విప్పితే తప్ప తెలీదు, విప్పితే మళ్లీ ఈ కథే మొదలవుతుంది. ఇంజన్ నంబరు మారితే ఆర్‌సీలో కూడా మార్పించాలి, ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరగాలి.

బండి బయటికొచ్చాక సగం లోడుతోనే తోలాను, ఉత్తగా ఐడ్లింగ్‌లో ఉంచలేదు. లోడు పడితేనే కొత్త రింగులు గోడకు పట్టుకుంటాయి. రేడియేటర్‌లో ఊరి ఆర్వో ప్లాంటు క్యాన్ నీళ్లు, కూలెంట్ సగం సగం. కొత్త థర్మోస్టాట్ వేశాను. దాన్ని పీకొద్దని క్లీనర్‌కు రెండుసార్లు చెప్పాను.

1,000 కిలోమీటర్లకు ఆయిల్ మార్చాను. దించిన ఆయిల్ కొంచెం గాజు సీసాలో పోసి గూట్లో పెట్టాను. మూడో రోజు వెలుతురుకు ఎత్తి చూస్తే పై నుంచి కింది దాకా ఒకటే నలుపు. అడుగున నీళ్ల గీత లేదు.