ఫ్లాస్ దారమా, సందుల బ్రష్షా, నీటిధారా: పళ్ళ మధ్య శుభ్రానికి ఏది మేలు?

రోజుకు రెండుసార్లు తోముకోవాలని, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడాలని మళ్ళీ చెప్పబోవడం లేదు. అవన్నీ పాటిస్తున్నవారే పదేపదే అడుగుతున్న ప్రశ్న వేరే ఉంది. తోమిన తర్వాత కూడా పళ్ళ సందుల్లో మిగిలిపోయేదాన్ని దేనితో తీయాలి? ఫ్లాస్ దారంతోనా, సన్నని తీగ చుట్టూ కుచ్చు అమర్చిన సందుల బ్రష్‌తోనా, నీటిని చిమ్మే పరికరంతోనా?

దవడ పన్నుకు ఐదు ముఖాలు ఉంటాయి. చెంప వైపు ఒకటి, నాలుక వైపు ఒకటి, నమిలే వైపు ఒకటి, పక్క పళ్ళ వైపు తిరిగి ఉండేవి రెండు. మామూలు బ్రష్ ఎంత ఖరీదైనదైనా మొదటి మూడింటినే సరిగా తోముతుంది. చిగుళ్ళ వాపు సాధారణంగా మొదలయ్యేది మిగిలిన ఆ రెండు ముఖాల దగ్గరే. రెండు పళ్ళ మధ్య పుట్టే పుచ్చు చాలాకాలం పైకి కనిపించదు, ఎక్స్‌రే తీస్తే గానీ బయటపడదు.

పాచి అంటే ఇరుక్కున్న ఆహారపు తునక కాదు. పంటికి జిగురుగా అంటుకుని పెరిగే సూక్ష్మజీవుల పొర. పుక్కిలిస్తే పోదు, ఏదో ఒకటి దాన్ని తాకి రుద్దాలి. రుద్దకుండా వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలు చేరి కొద్ది రోజుల్లోనే గారగా గట్టిపడుతుంది. అప్పుడిక ఇంట్లో చేయగలిగింది లేదు, దంత వైద్యుల దగ్గర తీయించుకోవలసిందే. అందుకే పరికరం ఎంత నాజూకుగా ఉంది, ఎంత బలంగా పనిచేస్తుంది అన్నవాటికి నేను పెద్దగా విలువ ఇవ్వను. మామూలు మనిషి చేతిలో అది పంటి పక్క ముఖాన్ని ఎంతవరకు తాకుతుంది? నా లెక్కలో తేల్చేది ఇదొక్కటే.

వయసులో ఫ్లాస్ పెద్దది. అమెరికాలో లీవై స్పియర్ పార్మ్లీ అనే దంత వైద్యుడు 1819లోనే పట్టుదారంతో పళ్ళ మధ్య శుభ్రం చేసుకోమని రాశాడు. ఆ తర్వాత రెండు వందల ఏళ్ళు దానికి ఎదురులేదు. 2016లో మాత్రం చిన్న దుమారం రేగింది. అమెరికా ప్రభుత్వ ఆహార మార్గదర్శకాల్లోంచి ఫ్లాసింగ్ సలహా తప్పుకుందని, దాని వెనకున్న ఆధారాలు బలహీనమని వార్తలు వచ్చాయి. చాలామంది దాన్ని ‘ఫ్లాస్ దండగ’ అని అర్థం చేసుకుని హాయిగా మానేశారు. మానడానికి సాకు కోసం చూస్తున్నవారికి ఇంతకంటే ఏం కావాలి!

బలహీనమైనది దారం కాదు, దాన్ని పట్టుకునే చెయ్యి. 2006లో వెలువడిన ఒక సమీక్ష ఈ సంగతిని బాగా చూపింది. పిల్లలకు బడి ఉన్న రోజుల్లో శిక్షణ పొందినవారు ఫ్లాస్ చేసినప్పుడు, ఏడాదిన్నర దాటాక పళ్ళ మధ్య పుచ్చు ముప్పు 40 శాతం తగ్గింది. తమంతట తాము ఫ్లాస్ చేసుకున్నవారిలో మాత్రం ఆ మేలు కనిపించలేదు. దారం అదే, చేతులే వేరు.

సరిగా చేయడమంటే ఎలాగో చూడండి. దాదాపు 45 సెంటీమీటర్ల దారం తీసుకుని రెండు నడిమి వేళ్ళకు చుట్టుకోవాలి, మధ్యలో రెండు మూడు సెంటీమీటర్లు బిగువుగా ఉంచాలి. రెండు పళ్ళు కలిసేచోట దాన్ని రంపంలా అటూ ఇటూ ఆడిస్తూ దించాలి. టక్కున కిందికి నొక్కితే చిగురు తెగుతుంది. దిగాక ఒక పంటిని సగం చుట్టేలా వంచి, చిగురు అంచు కిందికి కాస్త జార్చి, పంటిని ఒరుసుకుంటూ పైకి కిందికి నాలుగైదు సార్లు లాగాలి. అదే సందులో రెండో పంటికీ ఇలాగే చేయాలి. తర్వాతి సందుకు దారంలో కొత్త ముక్క. వెనక దవడ పళ్ళ దగ్గర, అద్దంలో ఏమీ కనిపించని చోట, తడుముకుంటూ ఇదంతా చేయాలి. ఎక్కువమంది చేసేది మాత్రం దారాన్ని సందులో దించి పైకి లాగేయడమే. దానివల్ల ఇరుక్కున్న పీచు వస్తుంది, పాచి అక్కడే ఉంటుంది. పిడికి బిగించిన ఫ్లాస్ పుల్లలు వెనక పళ్ళను అందుకోవడానికి పనికొస్తాయి గానీ, వాటితో దారాన్ని పంటి చుట్టూ వంచడం కష్టం.

సందుల బ్రష్‌కు ఇంత నేర్పు అక్కర్లేదు. సందులోకి తిన్నగా పెట్టి, లోపలికీ బయటికీ కొన్నిసార్లు కదిపితే చాలు. పక్క ముఖాలు రెండింటినీ కుచ్చు ఒకేసారి రుద్దుతుంది. ఇది సులువు సంగతి. నన్ను దానివైపు తిప్పింది మాత్రం పంటి ఆకారం.

పంటి పక్క ముఖం నున్నటి గుండ్రని గోడ అనుకుంటాం. పైభాగం అలాగే ఉంటుంది. చిగురు దిగజారి వేరు మొదలయ్యేచోట బయటపడితే అక్కడ లోపలికి నొక్కుకున్న గాడి కనిపిస్తుంది. పై దవడలో కోరపన్ను వెనకే ఉండే పన్నుకు, దాని ముందు వైపు, ఈ గాడి స్పష్టంగా ఉంటుంది. బిగించిన దారం గుంత మీదుగా లాగిన తాడులా గాడి ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు పోతుంది, అడుగును తాకదు. ఎంత నేర్పుగల చేతికైనా అది సాధ్యం కాదు. కుచ్చు పోగులు విడివిడివి కాబట్టి ఆ గాడిలోకి వంగి దిగుతాయి.

పరిశోధనలు కూడా ఇటే మొగ్గాయి. పళ్ళ సందుల శుభ్రానికి మొదటి ఎంపిక సందుల బ్రష్ అని, అది దూరనంత ఇరుకు సందులకే ఫ్లాస్ అని యూరప్ చిగుళ్ళ వ్యాధుల నిపుణుల ఉమ్మడి నివేదిక 2015లో చెప్పింది. వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ 2019లో 35 ప్రయోగాలను చూసి, చిగుళ్ళ వాపు తగ్గించడంలో ఫ్లాస్ కంటే సందుల బ్రష్ కొంత మెరుగు కావచ్చని తేల్చింది. ఆ ఆధారాలు అంత గట్టివి కావన్న మాటనూ దాచలేదు. అవి చాలావరకు కొద్ది నెలల ప్రయోగాలు, పుచ్చు రావడానికి అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది.

బ్రష్‌తో చిక్కంతా సైజు దగ్గరే. ఒకే నోట్లో రెండు మూడు సైజులు అవసరం కావచ్చు. సైజు అంకెలకు ఐఎస్‌ఓ 16409 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. తీగ వంగకుండా బ్రష్ ఎంత చిన్న రంధ్రంలోంచి దూరగలదో దాన్నిబట్టి అంకె వేస్తారు. రంగులు మాత్రం కంపెనీకో తీరు, కాబట్టి రంగును నమ్ముకుని కొనకండి. మరీ వదులుగా దూరేది దేన్నీ రుద్దదు. తోస్తే గానీ వెళ్ళనిది చిగురును గాయపరుస్తుంది. పోగులు సందు అంచులను కొద్దిగా ఒరుసుకోవాలి, తీగ పంటిని గీరకూడదు. మొదటిసారి దంత వైద్యుల దగ్గరే కొలిపించుకుంటే డబ్బూ కలిసొస్తుంది, చిగుళ్ళూ బాగుంటాయి. ఇంప్లాంట్లు, అంటే దవడ ఎముకలో బిగించిన కృత్రిమ పళ్ళు, ఉన్నవారు తీగకు ప్లాస్టిక్ పూత ఉన్నవే వాడాలి.

ఫ్లాస్ తప్పనిసరి అయ్యే నోళ్ళూ ఉన్నాయి. చిన్న వయసులో, చిగుళ్ళు ఆరోగ్యంగా సందునంతా నింపి ఉన్నప్పుడు, పళ్ళు ఒకదానికొకటి గట్టిగా ఆనుకుని ఉంటాయి. అక్కడ బ్రష్ దూరదు, దూర్చకూడదు. పళ్ళ మధ్య పుచ్చు మొదలయ్యేది అవి ఆనుకునే బిందువుకు కాస్త కిందే, అక్కడికి చేరగలిగేది దారమే. ఇరుకు సందులకు దారం, చోటున్న సందులకు బ్రష్. రెండూ ఒకే నోట్లో ఉండటం చాలా మామూలు. వయసు పెరిగేకొద్దీ, చిగుళ్ళు దిగేకొద్దీ బ్రష్ వాటా పెరుగుతుంది. నలభై దాటినవారు ఎవరు అడిగినా ముందు బ్రష్ దూరుతుందేమో చూడమంటాను.

నీటిధార పరికరం 1962లో అమెరికాలో ఒక దంత వైద్యుడు, ఒక ఇంజనీరు కలిసి చేసినది. పళ్ళకు క్లిప్పులు వేయించుకున్నవారికి, బ్రిడ్జిలు (పక్క పళ్ళ ఆధారంగా అమర్చిన కట్టుడు పళ్ళు) ఉన్నవారికి, వేళ్ళు సరిగా వంగనివారికి బాగా ఉపయోగం. తునకలను కడిగేస్తుంది, చిగుళ్ళకు కొంత మేలు చేస్తుంది. అంటుకున్న పాచిని రుద్ది తీసే పనిలో మాత్రం దాని మీద నాకు గురి కుదరలేదు. దారమూ బ్రష్షూ రెండూ పట్టలేనివారు ఏమీ చేయకుండా ఉండటం కంటే ఇది వాడటం నయం.

టూత్‌పిక్ ఇరుక్కున్నదాన్ని తీయడానికే, రోజూ పొడిస్తే చిగుళ్ళు పాడవుతాయి. మౌత్‌వాష్ ఈ పోటీలోనే లేదు. క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశక మందు ఉన్నదైతే ఎక్కువకాలం వాడితే పళ్ళకు గోధుమరంగు మరకలు పడతాయి, కాబట్టి వైద్యులు చెప్పినన్ని రోజులే వాడాలి.

ఏది ఎంచుకున్నా మొదట్లో రక్తం కనిపించవచ్చు. అది చూసి ఆపేయకండి, వాచిన చిగుళ్ళ నుంచి వచ్చే రక్తమది. రోజూ మెత్తగా శుభ్రం చేస్తే వారం, రెండు వారాల్లో తగ్గిపోవాలి. తగ్గకపోయినా, ఒకే సందులో మళ్ళీ మళ్ళీ వస్తున్నా, దారం ఒకేచోట పదేపదే చిరుగుతున్నా దంత వైద్యులకు చూపించండి. దారం చిరిగేచోట పగిలిన సిమెంటో, గారో, పుచ్చో ఉండవచ్చు. సందుల పని రాత్రి, తోముకోవడానికి ముందు పెట్టుకోండి. అడ్డం తొలగిన సందుల్లోకి పేస్టులోని ఫ్లోరైడ్ చేరుతుంది. తోమాక నురగ ఉమ్మేస్తే చాలు, నీళ్ళతో పుక్కిలించకండి.