₹699కి 'లైఫ్‌టైమ్ అన్‌లిమిటెడ్ డ్రైవ్' కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

మాది విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల హోల్‌సేల్. బిల్లులు, పార్టీల లెడ్జర్లు, టాలీ బ్యాకప్‌లు అన్నీ మా అకౌంట్స్ కుర్రాడు తన సొంత జీమెయిల్ డ్రైవ్‌లోనే దాచేవాడు. ఉచితంగా వచ్చే 15 జీబీ నిండిపోయింది. "సార్, స్టోరేజ్ కొనాలి" అన్నాడు. "ఏదోటి అడ్జస్ట్ చెయ్యరా" అన్నాను. టెలిగ్రామ్‌లో ఎవరో ఈ ₹699 'లైఫ్‌టైమ్ అన్‌లిమిటెడ్ డ్రైవ్' అమ్ముతుంటే కొనేశాడు. నాకు చెప్పలేదు. చెప్పినా చవగ్గా కొట్టావని మెచ్చుకునేవాణ్నేమో, అది వేరే సంగతి.

ఎనిమిది నెలలు బాగానే నడిచింది. పోయిన నెల జీఎస్టీ రిటర్న్ వేద్దామని పొద్దున్నే తెరిస్తే, ఎడమవైపు 'షేర్డ్ డ్రైవ్స్' (పలువురు కలిసి వాడుకునే డ్రైవ్‌లు) కింద మా ఫోల్డరే లేదు. ట్రాష్‌లోనూ లేదు. అమ్మినవాడికి మెసేజ్ పెడితే ఈరోజుకీ ఒక్క టిక్కే.

ఆరా తీస్తే, అది ఏదో విదేశీ కాలేజీ ఖాతాలో తెరిచిన షేర్డ్ డ్రైవ్ అట. అందులో పడ్డ ఫైలు ఎక్కించినవాడిది కాదు, ఆ ఖాతా ఉన్న సంస్థది. కాలేజీలకు గూగుల్ ఇచ్చిన అన్‌లిమిటెడ్ కూడా 2022లోనే ఆగిపోయింది. అక్కడి అడ్మిన్ ఓ రోజు శుభ్రం చేసుకుంటే మీ లైఫ్‌టైమ్ అంతటితో సరి.

టాలీ డేటా ఆఫీసు సిస్టమ్‌లో ఉంది కాబట్టి బతికాం. నిద్ర పట్టనిది మాత్రం వేరే. డ్రైవర్ల ఆధార్ స్కాన్లు, పార్టీల క్యాన్సిల్డ్ చెక్కులు అందులోనే ఉన్నాయి. పైగా 'పాస్‌వర్డ్స్' అని పేరు పెట్టి మరీ ఒక ఎక్సెల్ షీటు: జీఎస్టీ పోర్టల్, ఈ-వే బిల్లు, నెట్ బ్యాంకింగ్. మాకు కనబడకపోవడమంటే వాళ్లకీ కనబడటం లేదని కాదు కదా! రెండు రోజులు కూర్చుని అన్నీ మార్చాం. ఒకచోట బయటపడ్డ పాస్‌వర్డ్ ఇంకోచోట తలుపు తీస్తుంది: 2012లో ఫైళ్లు దాచే సర్వీసు డ్రాప్‌బాక్స్‌ ఉద్యోగే ఒకరు వేరేచోట వాడిన పాస్‌వర్డ్ అక్కడా వాడితే, దొంగలు ఆ దారినే దూరారు.

మీ ఆఫీసులో ఎవరైనా ఇలాంటిది వాడుతుంటే ఈరోజే సభ్యుల జాబితా తెరిచి 'మేనేజర్' అని ఎవరి మెయిల్ ఉందో చూడండి. తెలియని కాలేజీ పేరుంటే ముందు ఫైళ్లు దించుకోండి. తర్వాత సంస్థ పేరు మీద ఖాతా తీసుకోండి. ఉద్యోగి మానేసినా ఫైళ్లు మీ దగ్గరే ఉంటాయి. కుర్రాణ్ని నేనేమీ అనలేదు, డబ్బు మిగుల్చుదామనుకుంది నేనే.

అమ్మినవాడు నిన్న ఇంకో గ్రూపులో కనబడ్డాడు. ఈసారి ₹499 అట.