ఊ కొట్టే సాక్షి మేలా, కూత పెట్టే ట్యాగ్ మేలా?

మా పిన్ని కూతురు మొన్న గుంటూరు నుంచి ఫోన్ చేసింది. అక్కా, పిల్లల కోసం ఐవీఎఫ్ సెంటర్లు రెండు చూసొచ్చాం, హైదరాబాద్‌ దాంట్లో ఆర్ఎఫ్ఐడీ ఉందంట, ఎగ్స్, వీర్యం పెట్టే ప్రతి డిష్‌కీ చిప్ ఉన్న ట్యాగ్ అంటిస్తారంట, ఒకళ్లది ఇంకొకళ్లదాంతో కలవబోతే మెషీనే కూత పెడుతుందంట, విజయవాడ సెంటర్లో అవేం లేవు, ఇద్దరు మనుషులు చూసి సంతకం పెడతారంట అంతే, ఏది మేలు అని. మా చెల్లికి పీసీఓడీ, అండాశయాల సమస్య. ఎగ్స్ ఎక్కువ వస్తాయి కాబట్టి ఆ నెలలోనే ట్రాన్స్‌ఫర్, అంటే ఎంబ్రియోని (పిండాన్ని) గర్భంలో పెట్టడం, చెయ్యరు, ఎంబ్రియోలన్నీ ఫ్రీజ్ చేసి ఒళ్లు కుదుటపడ్డాక పెడదాం అన్నారు. మిగిలినవి రెండో బిడ్డ కోసం ఉంచుకోవాలనుకుంటే ఇంకెన్నాళ్లైనా పట్టొచ్చు, ఐవీఎఫ్ లాంటి వైద్యాల కోసం మన దగ్గరున్న 2021 ఏఆర్‌టీ చట్టం ప్రకారం 10 ఏళ్ల దాకా దాచొచ్చు. పదేళ్లంటే ఇవాళ ఎంబ్రియో దాచే స్ట్రా మీద పేరు రాసిన మనిషి అప్పటికి ఏ దుబాయ్‌లోనో ఉంటుంది, ఆ స్ట్రాలుండే ట్యాంకు ముందు నిలబడేది మీ మొహం కూడా చూడని ఎవరో కొత్త పిల్ల.

నేను పదకొండేళ్లుగా ఎంబ్రియాలజీ ల్యాబుల్లోనే ఉన్నాను, రెండు పద్ధతుల్లోనూ పని చేశాను, అందుకే దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయా.

ముందు మన దగ్గర అసలు తంటా ఏంటో చెప్తా. పేర్లు. ఒకే రోజు పికప్ (ఎగ్స్ తీసే) లిస్టులో నాగలక్ష్మి, వెంకటలక్ష్మి, ఉత్త లక్ష్మి ముగ్గురూ ఉన్న రోజు నాకు బాగా గుర్తు. ఆధార్‌లో ఇంటిపేరు పుట్టింటిది, ఫైల్లో అత్తారింటిది. లక్ష్మిని ఇంగ్లీషులో ఒకరు ఎక్స్ పెట్టి రాస్తారు, ఇంకొకరు కేఎస్‌హెచ్ పెట్టి రాస్తారు, రిసెప్షన్లో ఒకలా ల్యాబులో ఇంకోలా ఎక్కుతుంది. పోనీ పుట్టినరోజు అడుగుదామంటే అదో గొడవ, బళ్లో అయ్యవారు వేసేసిన జూన్ 1 ఒకటి, ఇంట్లో అమ్మ చెప్పేది ఇంకోటి, మనిషి కంగారులో ఏది చెప్తుందో తెలీదు. ఇదేదో మనకే ఉన్న జబ్బు కూడా కాదు, రోమ్‌లో పెర్తీని హాస్పిటల్లో 2013 చివర్లో ఒక జంట ఎంబ్రియోలు ఇంకో ఆవిడకి పెట్టేశారు, రెండు జంటల ఇంటిపేర్లూ దగ్గరదగ్గరగా ఉన్నాయని అప్పట్లో పేపర్లు రాశాయి. అందుకే పేరొక్కటే చూసే ల్యాబుని నేను నమ్మను. పేషెంట్ ఐడీ నంబర్, భార్యాభర్తలిద్దరి పేర్లు, పుట్టిన తేదీ, ఇవన్నీ కలిపి చూడాలి.

ఇప్పుడు ఇద్దరు మనుషుల పద్ధతి. దీన్ని డబుల్ విట్నెసింగ్ అంటాం. ఎగ్స్ తీసేటప్పుడు, భర్త వీర్యం శాంపిల్ తీసుకునేటప్పుడు, రెండూ కలిపేటప్పుడు, డిష్ మార్చినప్పుడల్లా, ఫ్రీజింగ్‌కి, కరిగించేటప్పుడు, ట్రాన్స్‌ఫర్‌కి, ఆఖరికి పారేసేటప్పుడు కూడా, పని చేసేవాళ్లు కాక రెండో మనిషి వచ్చి చూసి సరే అనాలి. చదవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఇంగ్లండులో లీడ్స్ అనే ఊళ్లో ఒకావిడ ఎగ్స్‌లోకి వేరే పేషెంట్ భర్త శాంపిల్ వెళ్లిపోయి, ఆ సంగతి 2002లో బయటపడ్డాక, బ్రయన్ టాఫ్ట్ అనే ప్రొఫెసర్ చేత విచారణ చేయించారు. ఆయన తర్వాత ఒక విషయం రాశాడు, అది నాకు బాగా నచ్చింది. ఒకే చెకింగ్ రోజుకి పదుల సార్లు చేసే మనిషి కొన్నాళ్లకి చూడకుండానే చూశాననుకుంటాడు, అబద్ధం ఆడటం కాదు, వాడికి నిజంగానే చూసినట్టే ఉంటుందని. మన భాషలో చెప్పాలంటే ఊ కొట్టడం. కథ వింటూ ఊ కొట్టే పిల్లాడు సగంలో నిద్రపోయినా నోటమ్మట ఊ వస్తూనే ఉంటుంది చూడండి, అచ్చం అది.

నేనూ అలా ఊ కొట్టాను. ఒక ల్యాబులో, పేరెందుకులెండి, కేసులు బాగా ఎక్కువైన రోజు సాయంత్రం కొలీగ్ పిలిచి విట్నెస్ చెయ్యవే అంది, నేను ఇంకో పని మధ్యలోంచి లేచొచ్చి మూత మీద పేరు చదివి కరెక్ట్ అనేశా. రెండడుగులు వేశాక ఎందుకో అనుమానమొచ్చి వెనక్కి వచ్చి డిష్ ఎత్తించి చూస్తే అడుగున ఇంకో పేరు. బెంచీ మీద ఇద్దరివీ ఒకేసారి తెరిచి మూతలు తారుమారు చేసింది, అసలు ఇద్దరివి ఒకేసారి బెంచీ మీద ఉండకూడదు, అదే మొదటి తప్పు. ఏమీ జరగలేదు కానీ ఆ రాత్రి అన్నం సయించలేదు. అప్పట్నుంచి మూత మీద పేరుని లెక్కలోకే తీసుకోను, పేరు ఉండాల్సింది డిష్ అడుగున. ఇంకో రోగం కూడా చెప్పాలి, విట్నెస్ షీట్‌లో గడులన్నీ సాయంత్రం కూర్చుని ఒకే పెన్నుతో నింపేయడం. చూస్తే తెలిసిపోతుంది, పొద్దున ఏడింటి సంతకం, మధ్యాహ్నం రెండింటి సంతకం ఒకే వంపులో ఉంటాయి.

ఆర్ఎఫ్ఐడీ ఇక్కడే గెలుస్తుంది. ట్యాగు డిష్ అడుగున, ట్యూబుకి అంటిస్తారు, బెంచీ కింద రీడర్ ఉంటుంది, లక్ష్మి డిష్ ఉన్నచోటికి నాగలక్ష్మి డిష్ తెస్తే స్క్రీన్ ఎర్రబడి మోత మొదలవుతుంది, కారణం రాసి ఒప్పుకుంటే తప్ప ముందుకి పోనివ్వదు. దానికి నిద్ర రాదు, ఊ కొట్టదు, ఏ డిష్ ఎన్నింటికి ఎవరి చేతిలో ఉందో రాసి పెట్టుకుంటుంది కాబట్టి సాయంత్రం సంతకాల బాగోతం నడవదు. పైగా ప్రతిసారీ ఇంకొకళ్లని పని మధ్యలోంచి లేపక్కర్లేదు, అలా లేపడం వల్ల వాళ్ల పనిలో వచ్చే తప్పులు మళ్లీ వేరే. రోజుకి పది పదిహేను కేసులు చేసే పెద్ద సెంటర్‌కి ఇది లేకపోతే నేనైతే మా వాళ్లని పంపను. రెండు మూడు కేసుల చిన్న సెంటర్‌కి అంత అత్యవసరం కాదు, ఖర్చు కూడా లక్షల్లో ఉంటుంది, ట్యాగులు మళ్లీ మళ్లీ కొనాలి, అది ఎవరి బిల్లులోకి వస్తుందో మీకే తెలుసు.

కానీ ట్యాగుకి కనిపించేది డిష్ మాత్రమే, డిష్‌లో ఏముందో దానికి తెలీదు. సింగపూర్‌లో 2010లో ఒక సెంటర్లో ఇద్దరు మగవాళ్ల శాంపిళ్లు ఒకే బెంచీ మీద ఒకేసారి ప్రాసెస్ చేశారు, ఒకసారి వాడి పారేయాల్సిన పైపెట్లు (ద్రవం పీల్చే సన్న గొట్టాలు) పారేయలేదు, పాప పుట్టాక బ్లడ్ గ్రూప్ కలవక బయటపడింది. అక్కడ ట్యాగులుంటే ఇద్దరివి ఒకే బెంచీ మీదకి వచ్చినప్పుడు అరిచేది, నిజమే, పైపెట్ సంగతి మాత్రం దానికి పట్టదు. మన ఢిల్లీలోనూ 2009లో పుట్టిన కవలల విషయంలో ఇలాగే బ్లడ్ గ్రూప్ దగ్గర తేడా కనిపించి, తండ్రి శాంపిల్ కాదని తేలి, 2023లో జాతీయ వినియోగదారుల కమిషన్ కోటిన్నర కట్టమంది. పద్నాలుగేళ్లు పట్టింది. ఇంకోటి, మొదటి ట్యాగు అంటించేది మనిషే, అదే తప్పు అంటిస్తే అక్కణ్ణుంచి మెషీన్ ఆ తప్పునే భద్రంగా కాపాడుతుంది. ప్లాన్ ప్రకారం ఏ ఎంబ్రియో పెట్టాలో చూసుకోవడంలో తప్పు జరిగినా అంతే. మెల్‌బోర్న్ దగ్గర క్లేటన్‌లో 2025 జూన్‌లో మోనాష్ ఐవీఎఫ్ సెంటర్లో ఒకావిడకి తన పార్ట్‌నర్ ఎగ్‌తో తయారైన ఎంబ్రియో పెట్టాల్సింది తన సొంత ఎగ్‌తో తయారైనదే పెట్టేశారు, తర్వాత చేసిన రివ్యూలో మిగతా కారణాలతో పాటు ఐటీ సిస్టమ్‌ పరిమితుల మాట కూడా వచ్చింది.

సరే ఇదంతా బెంచీ మీద జరిగే అయిదారు రోజుల సంగతి. మా చెల్లి అడగాల్సింది ఆ తర్వాత సంగతి, ఎందుకంటే చాలా ల్యాబుల్లో డిష్ ట్యాగు ప్రయాణం ఫ్రీజింగ్ దగ్గరే ఆగిపోతుంది. విట్రిఫికేషన్‌లో, అంటే అతివేగంగా ఫ్రీజ్ చేసే పద్ధతిలో, ఎంబ్రియోని పెట్టేది పుల్ల లాంటి స్ట్రా కొన మీద, దాని చుట్టూ ఉండే ద్రవం ఒక మైక్రోలీటర్‌లో పదో వంతు, దాన్ని మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచుతాం. బయటికి తీశామంటే సెకన్లలో వేడెక్కిపోతుంది, పేరు తీరిగ్గా చదువుకుంటూ కూర్చోవడం కుదరదు, నైట్రోజన్‌లో ఉంచే చదవాలి, పైన మంచు పేరుకుంటుంది, పొగ, కళ్లజోడు మసక. రాసుకోవడానికి దొరికే చోటు స్ట్రా పట్టుకునే కొస మీద వేలి గోరంత. అందులో లక్ష్మి, భర్త పేరు, ఐడీ, తేదీ, ఎంబ్రియో నంబర్.

ఇక్కడ మూడు రకాలు చూశాను. చేత్తో మార్కర్‌తో రాసేది, అది అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా దరిద్రం కూడా, స్పిరిట్ తగిలితే చెరిగిపోతుంది, ఒకరి 1 ఇంకొకరికి 7లా కనిపిస్తుంది. రెండోది ఆ చలికి ఊడని జిగురుతో ప్రింటర్ లేబుల్. మూడోది దాని మీదే బార్‌కోడ్. బార్‌కోడ్ మంచిదే కానీ స్కానర్‌కి కనపడాలి కదా, మంచు పట్టి చదవకపోతే స్టాఫ్ ఏం చేస్తారు, నంబర్ చేత్తో టైప్ చేసేస్తారు, ఇక అక్కడ బార్‌కోడ్ ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. అందుకే నా ఓటు మనిషి కంటికి కూడా స్పష్టంగా కనపడే ప్రింట్ లేబుల్‌కి, బార్‌కోడ్ ఉంటే ఇంకా మంచిది, లేకపోతే కొంప మునగదు. అమెరికాలో టీఎమ్ఆర్‌డబ్ల్యూ అనే కంపెనీ నైట్రోజన్‌ని తట్టుకునే ఆర్ఎఫ్ఐడీ పెట్టి స్ట్రాలు దాచడం తియ్యడం రోబోతోనే చేయిస్తోంది, వింటానికి బాగుంటుంది, మా చెల్లి చూసిన రెండు చోట్లా అది లేదు కాబట్టి వదిలేద్దాం.

లేబుల్ కన్నా ముందు చూడాల్సింది ఒకటుంది, ట్యాంకులో సర్దుడు. ట్యాంకులో క్యానిస్టర్లు (పొడుగు డబ్బాలు), ఒక్కో దాంట్లో కేన్లు (సన్నటి కడ్డీలు), కేన్‌కి గోబ్లెట్లు (చిన్న కప్పులు), వాటిలో స్ట్రాలు. చోటు కలిసొస్తుందని ఒకే గోబ్లెట్‌లో ఇద్దరి స్ట్రాలు పెట్టే చోట్లు ఉన్నాయి, అక్కడ ఎంత ఖరీదు సిస్టమ్ ఉన్నా నాకు భయమే. ఒక జంటకి ఒక కేన్, పక్కపక్క కేన్లలో గోబ్లెట్ల రంగు వేరు, ఇంతే, దీనికి పెద్ద డబ్బు కూడా అక్కర్లేదు, కాకపోతే ట్యాంకులు కొన్ని ఎక్కువ కావాలి.

తర్వాత లెక్క. దీని గురించి ఎవ్వరూ బ్రోచర్‌లో వెయ్యరు. బ్రిస్బేన్‌లో అదే మోనాష్ వాళ్ల సెంటర్లో ఒకావిడకి వేరేవాళ్ల ఎంబ్రియో పెట్టేశారు, బిడ్డ కూడా పుట్టింది, ఎలా బయటపడిందో తెలుసా, 2025 ఫిబ్రవరిలో ఆ జంట మా మిగిలిన ఎంబ్రియోలు ఇంకో సెంటర్‌కి పంపండి అని అడిగితే, తీసి చూస్తే ఉండాల్సిన దానికన్నా ఒకటి ఎక్కువుంది. అంటే వాళ్లకి పెట్టాల్సింది ట్యాంకులోనే ఉండిపోయింది. ఆ జంట సెంటర్ మార్చాలనుకోకపోతే ఇంకా ఎన్నాళ్లకి తెలిసేదో. కరిగించిన ప్రతిసారీ రిజిస్టర్‌లో ఎన్ని ఉన్నాయి, కేన్‌లో ఎన్ని మిగిలాయి అని అక్కడికక్కడే లెక్కపెట్టి ఉంటే, ఒకటి తేడా రాగానే, ఇంకా ట్రాన్స్‌ఫర్ కాకముందే చేతిలో ఉండగానే దొరికిపోయేది. కిరాణా కొట్టులో సాయంత్రం గల్లాపెట్టె లెక్క చూసుకున్నట్టే, దీనికి చిప్ అక్కర్లేదు, పది నిమిషాల ఓపిక కావాలి. ఏడాదికోసారి ట్యాంకు మొత్తం ఆడిట్ చేసే సెంటరా కాదా అన్నది నేను ఆర్ఎఫ్ఐడీ కన్నా ముందు అడుగుతా.

డీఎన్ఏ టెస్ట్ చేయించుకుంటే పోలా అంటారు కొందరు. పీజీటీ అనే ఎంబ్రియో జన్యు పరీక్ష చేయించే వాళ్లకి ఎంబ్రియో కణాల్ని తల్లిదండ్రులతో పోల్చి చూసే వీలుంది, చేసే ల్యాబు దొరికితే మంచిదే, కానీ ఆ టెస్ట్‌కి కణాలు తీసేది మామూలుగా ఫ్రీజ్ చేసే ముందు, ట్యాంకులోంచి తప్పు స్ట్రా తీస్తే అదేం చేస్తుంది. ఇక 2025 జూలైలో సికింద్రాబాద్‌లో బయటపడ్డ వ్యవహారం చూపించి మా పిన్ని తెగ కంగారు పడింది, అది శాంపిల్ తారుమారు కాదు, డీఎన్ఏ కలవని బిడ్డని ఎక్కణ్ణుంచో తెచ్చి సరోగసీ బిడ్డ అని ఇచ్చారన్న కేసు, అలాంటి దానికి బార్‌కోడూ రాదు ట్యాగూ రాదు, పోలీసులే రావాలి.

చెల్లికి చివరికి ఏం చెప్పానంటే, రెండు చోట్లకీ ఫోన్ చేసి నాలుగు ముక్కలు అడుగు అన్నా. స్ట్రా మీద పేరు రాస్తారా ప్రింట్ చేస్తారా, మా కేన్‌లో ఇంకెవరివైనా ఉంటాయా, కరిగించాక మిగిలినవి లెక్కపెడతారా, ట్యాంకు ఆడిట్ ఆఖరిసారి ఎప్పుడు చేశారు. హైదరాబాద్‌లో కౌన్సిలర్ మా దగ్గర అంతా ఆటోమేటిక్ మేడమ్ అందంట నాలుగింటికీ, ల్యాబు వాళ్లతో మాట్లాడించండి అంటే మళ్లీ కాల్ రాలేదు. విజయవాడలో ఎంబ్రియాలజిస్టే ఫోన్ తీసుకుని, ప్రింట్ లేబుల్ అండీ, కావాలంటే వచ్చి ఖాళీ స్ట్రా మీద చూడండి, జంటకి ఒక కేన్, ఆడిట్ దసరా సెలవుల ముందు చేశాం, ఒక రిజిస్టర్ ఎంట్రీ తప్పు దొరికితే దిద్దాం అని చెప్పాడంట. తప్పు దొరికిందని తనే చెప్పాడు చూశావా, అక్కడికే వెళ్లు అన్నా. రెండు చోట్లా ఇదే జవాబు వచ్చుంటే మాత్రం కళ్లు మూసుకుని హైదరాబాద్ చిప్పుకే ఓటేసేదాన్ని, అది కూడా దానికి చెప్పా.

ట్రాన్స్‌ఫర్ రోజు నీ పేరేనా ఇది అని వాళ్లు చదివి వినిపిస్తే తలూపొద్దు, నీ పేరూ మరిది గారి పేరూ పుట్టినరోజూ నువ్వే నోటితో చెప్పు, వాళ్లని చూసుకోమను అన్నా. సరే అక్కా, మరి పుట్టినరోజు ఏది చెప్పను, అమ్మ శ్రావణమాసం అంటుంది కదా అంది. ఆధార్‌లో ఉన్నదే చెప్పవే తల్లీ, శ్రావణమాసం సంగతి బిడ్డ పుట్టాక చూసుకుందాం అన్నా.