చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ‘కొత్త’ డిస్కులు కొనేవాళ్లు జాగ్రత్త, నావి 31 వేల గంటలు తిరిగిన కొత్తవి

ఇప్పుడే కొట్టు నుంచి తిరిగి వచ్చాను. ఒళ్లు ఇంకా మండుతోంది, అక్షరదోషాలుంటే సర్దుకోండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)లో ఇంటి సర్వర్లు, అంటే ఇంట్లోవాళ్ల ఫైళ్లన్నీ ఒకేచోట దాచే కంప్యూటర్లు, బిగించి ఇచ్చే కొట్టు సంగతి ఇది. పేరు రాయను, మీలో చాలామందికి రాయకుండానే తెలుస్తుంది. ఇద్దరు మిత్రులు అక్కడికే వెళ్లమన్నారు, వెళ్లాను.

నాలుగు నెలల క్రితం కొన్నాను. 4 టీబీ హార్డ్ డిస్కులు నాలుగు (అందులో ఒకటి ప్యారిటీకి, అంటే మిగతావాటిలో ఒకటి పోతే దాని డేటాను తిరిగి కట్టుకోవడానికి), డబ్బా, డిస్కులన్నిటినీ కలిపి నడిపే అన్‌రెయిడ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఇవ్వడం, అన్నీ కలిపి 58 వేలు. బిల్లు కావాలంటే పైన 18 శాతం జీఎస్టీ అన్నాడు కొట్టాయన. పదివేలు మిగులుతాయని కచ్చా చీటీతో సరిపెట్టుకున్న మేధావిని నేనే. చీటీ మీద నీలం పెన్నుతో “4 టీబీ, 4, కొత్తవి” అని ఉంది. సీరియల్ నంబర్లు లేవు. అడగాలని కూడా తోచలేదు.

శుక్రవారం సాయంత్రం కూకట్‌పల్లిలో గాలివాన, కరెంటు పోయింది. యూపీఎస్ పావుగంట లాగుతుంది కదా, పద్ధతిగా ఆపేద్దామని స్టాప్ నొక్కాను. ఆగలేదు. తెర అడుగున ‘రీట్రై అన్‌మౌంటింగ్’ అని ఒకటే పాట. ఆపేముందు ప్రతి డిస్కునూ సిస్టం నుంచి దించాలి (అన్‌మౌంట్), అది అవడం లేదన్నమాట. మొదటి తప్పు నాదే, ఒప్పుకుంటాను: టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే కిటికీ) ఒకటి రెండో డిస్కు ఫోల్డరులో తెరిచి మరిచిపోయాను. లోపల మనిషి కూర్చుని ఉంటే ఇంటికి తాళం ఎలా పడుతుంది? దాన్ని మూయగానే రెండోది దిగింది. ఒకటోది అప్పటికే దిగింది. మూడోది కదల్లేదు. ఎవరు పట్టుకుని కూర్చున్నారా అని ఫ్యూజర్ అనే కమాండుతో చూస్తే బ్యాకప్ తీసే ఆర్‌సింక్ ప్రోగ్రామ్. బలవంతంగా ఆపే కిల్ మైనస్ 9 కమాండ్ కొట్టాను, చావలేదు. దాని స్థితి దగ్గర ‘డి’ అని ఉంది. డిస్కు జవాబు కోసం కాచుకుని ఉందన్నమాట. ఆ జవాబు వచ్చేదాకా దాన్ని చంపడం ఎవరి తరమూ కాదు. సిస్టం లాగ్ (జరిగినవన్నీ నమోదయ్యే చిట్టా) తెరిస్తే మూడో డిస్కు పేరు మీద ఐఓ ఎర్రర్లు, అంటే చదవడంలో, రాయడంలో లోపాలు, బారులు తీరి ఉన్నాయి.

కొట్టుకు ఫోను చేశాను. “సార్, బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకోండి, అదే ఆగుతుంది” అన్నాడు. యూపీఎస్ కీచుమంటోంది. నొక్కాను.

శనివారం ఆన్ చేస్తే ప్యారిటీ చెక్ (డిస్కులన్నీ చదివి లెక్క సరిచూసే పని) దానంతట అదే మొదలైంది, మూడో డిస్కు ఎర్రర్లు వందల్లోకి పోయాయి. ఆపేసి, కొన్నరోజునే చేయాల్సిన పని అప్పుడు చేశాను. స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండుతో డిస్కు జాతకం తీశాను. పవర్ ఆన్ అవర్స్ (డిస్కు ఇప్పటిదాకా నడిచిన గంటలు): 31,416. ఏడాది మొత్తానికి ఉండేవే 8,760 గంటలు. నా ఇంట్లో రాత్రింబవళ్లు తిరిగినా మూడు వేలు దాటవు. మిగతా మూడూ అదే వయసు, పదుల గంటల తేడా. ఏ సీసీ కెమెరాల రికార్డరులోనో మూడేళ్లకు పైగా చాకిరీ చేసి రిటైరైన బృందాన్ని నాకు అంటగట్టారు. పైగా మూడోదాని ఎర్రర్ల చిట్టాలో ఒకటి 27,902వ గంట దగ్గర నమోదై ఉంది. అప్పటికి అది నా గడప కూడా తొక్కలేదు.

ఈ రోజు సెలవు పెట్టి, డబ్బాను ఒళ్లో పెట్టుకుని మెట్రోలో ప్యారడైజ్ స్టేషన్‌లో దిగాను. కౌంటర్ మీద పెట్టి, ఫోనులో ఆ 31,416 చూపించాను. కొట్టాయన దాని వంక చూడలేదు. డిస్కు బయటికి తీసి తిప్పుతుంటే, ఇన్నాళ్లూ నేను గమనించనిది కనిపించింది: మరలు బిగించే రంధ్రాల చుట్టూ లోహం గీరుకుపోయి మెరుస్తోంది, లేబులు మూల కాస్త లేచి ఉంది. నేను చూస్తున్నానని తెలిసి ఆ మూల మీద బొటనవేలు పెట్టి అదిమాడు. అదిమి, “బటన్ నొక్కి ఆపారా?” అన్నాడు.

మీరే కదండీ చెప్పారు అన్నాను.

“నేనెందుకు చెబుతాను సార్? అలా ఆపితే డిస్కు పోతుందని చిన్నపిల్లలకూ తెలుసు.”

కాల్ లిస్టు చూపించాను. శుక్రవారం 7:42, మూడు నిమిషాలు. “ఏం మాట్లాడుకున్నామో అందులో ఉందా?” అని, పక్కన నిలబడ్డ మరో కొనుగోలుదారు వైపు తిరిగి, నాకు వినబడేలా, “కంప్యూటర్ ఆపడం రానివాళ్లకు సర్వర్లు ఎందుకో” అన్నాడు. పనివాడు కిసుక్కున నవ్వాడు. పదిహేనేళ్లుగా నేను చేస్తున్న ఉద్యోగం ఇవే యంత్రాలతో. ఆ క్షణంలో నోట ఒక్క మాట రాలేదు. ఇప్పుడు మాత్రం వరసగా వస్తున్నాయి, ఏం లాభం?

ప్యారిటీ ఉంది కదా అంటారేమో. ఒక డిస్కు పోతే కాచేదే ఆ ప్యారిటీ. ఆదివారం మూడోదాని స్థానంలో వేరేచోట కొన్న డిస్కు పెట్టి రీబిల్డ్ (పోయిన డిస్కు డేటాను మిగతావాటి నుంచి తిరిగి రాయడం) మొదలుపెడితే, 61 శాతం దగ్గర ఒకటో డిస్కు కూడా ఎర్రర్లు ఇచ్చింది. అన్నీ ఒకే ఈడువి మరి. నాన్నగారి షష్టిపూర్తి వీడియో సగంలో ఆగిపోతోంది. వేరే కాపీ ఎందుకు పెట్టుకోలేదని అడగకండి, ఇంట్లో ఇప్పటికే అడిగారు.

కొనేవాళ్లు డబ్బు ఇవ్వకముందే, అక్కడే వాళ్ల కంప్యూటర్‌కు తగిలించి గంటలు చూడండి. గంటల లెక్కను చెరిపేసే ఘనులూ ఉన్నారు. సీగేట్ కంపెనీ డిస్కుల్లో చాలావాటికి ఫార్మ్ అని, డిస్కు తనలో విడిగా రాసుకునే రెండో లెక్క ఉంటుంది, దాన్నీ చూసి పోల్చుకోండి. సీరియల్ నంబర్లు బిల్లు మీద రాయించుకోండి. డిస్కు అన్‌మౌంట్ కానని మొండికేస్తే ముందు మీ టెర్మినల్ చూసుకోండి, ఆ తర్వాత సిస్టం లాగ్.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేస్తే మొదట అడిగింది బిల్లు నంబరే. కచ్చా చీటీకి నంబరెక్కడిది? అయితే ఇవాళ కొట్టు నుంచి వచ్చేటప్పుడు డిస్కు చూసినందుకు కొట్టాయన చెకింగ్ చార్జీ వసూలు చేశాడు. 500, పైన జీఎస్టీ 90. దానికి మాత్రం అడగకుండానే పక్కా బిల్లు ఇచ్చాడు. కొట్టు పేరు, జీఎస్టీ నంబరు అచ్చులో ఉన్న కాగితం నా దగ్గర అదొక్కటే. రేపు పొద్దున దాన్ని పట్టుకుని మళ్లీ 1915కి చేస్తాను.