లిఫ్ట్ చేసిన బండికి అడ్జస్టబుల్ కంట్రోల్ ఆర్మ్‌లు: 46,000 కిలోమీటర్ల తర్వాత

ఎత్తు పెంచిన (లిఫ్ట్ చేసిన) నా బండి కిందికి ఈ ఎనిమిది ఆర్మ్‌లు, అంటే యాక్సిల్‌ని ఛాసిస్‌కి కలిపే, పొడవు మార్చుకోగల కడ్డీలు, చేరి మూడేళ్ళు దాటింది. 46,000 కిలోమీటర్లు తిరిగాయి. అందులో దాదాపు నాలుగో వంతు రాళ్ళూ, బురదా, వాగులూ. మళ్ళీ కొంటావా అని అడిగితే, ముందువైపు నాలుగూ కళ్ళు మూసుకుని కొంటాను. వెనక పై ఆర్మ్‌లు రెండూ కొంటాను. వెనక కింది ఆర్మ్‌లు మాత్రం 3 అంగుళాల లిఫ్ట్‌కి దండగే. పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి యాక్సిల్‌లో కలిసే గేరు) కోణం తిప్పడానికి పైవి చాలు.

నాది ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్, కాయిల్ స్ప్రింగుల బండి. మొదట స్ప్రింగులూ షాక్‌లూ మాత్రమే మార్చి, పాత ఆర్మ్‌లే ఉంచేశాను. కిట్ డబ్బా మీద ఇంకేమీ అక్కర్లేదని రాసి ఉంది మరి. వారం తిరక్కుండానే తెలిసొచ్చింది. 80 దాటితే బండి దారి వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ పోయేది. మలుపు తిరిగాక స్టీరింగ్ వదిలితే దానంతట అది వెనక్కి వచ్చేది కాదు. అలైన్‌మెంట్ మెషీన్ మీద పెడితే కాస్టర్ 2.1 డిగ్రీలు. లిఫ్ట్‌కి ముందు 4కి పైనే ఉండేది. (ఈ లెక్క బండిని బట్టి మారుతుంది. జీప్ రాంగ్లర్ జేకేకి కంపెనీ అంకె 4.2 దగ్గర, అంతకుముందు టీజేకి 7.)

కాస్టర్ అంటే సైకిల్ ముందు ఫోర్క్ వాలు లాంటిదే. చేతులు వదిలినా సైకిల్ తిన్నగా పోవడానికి ఆ వాలు కూడా సాయపడుతుంది. బండి ఎత్తు పెంచినప్పుడు ఆర్మ్‌లు కిందికి వాలి యాక్సిల్‌ని వెనక్కి లాగుతాయి. పై ఆర్మ్‌లూ కింది ఆర్మ్‌లూ పొడవులోనూ వాలులోనూ ఒకటి కావు కాబట్టి హౌసింగ్ (యాక్సిల్ పై గొట్టం) కొంచెం తిరిగిపోతుంది. ఆ తిరిగినంత మేర కాస్టర్ పోతుంది.

కింది ఆర్మ్‌లని పొడవు చేస్తే పోయిన కాస్టర్ తిరిగొస్తుంది. అసలు చిక్కు అక్కడే. ముందు యాక్సిల్‌లో చక్రాన్ని పట్టుకుని అటూ ఇటూ తిరిగే నకుల్, పినియన్ ఒకే ఇనుముకి అతికి ఉంటాయి. కాస్టర్ ఒక డిగ్రీ పెంచితే పినియన్ ముక్కు ఒక డిగ్రీ కిందికి దిగుతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ (కొసన వంగే కీలు) మీద కోణం అంత పెరుగుతుంది. కాళ్ళకి కప్పితే తలకి చాలని దుప్పటి. రెండూ కావాలంటే నకుల్ పట్టుకునే సీ ఆకారపు ముక్కల వెల్డింగ్ కోసి, తిప్పి, మళ్ళీ అతికించాలి. ఆ పనికి నేను దిగలేదు.

మొదటిసారి అత్యాశకి పోయి 6.2 పెట్టాను. స్టీరింగ్ అద్భుతం. కానీ 95 దగ్గర కాళ్ళ కింద సన్నగా జుమ్మని వణుకు. ముందు షాఫ్ట్ విప్పి పక్కన పెట్టి అదే రోడ్డు మీద నడిపితే వణుకు లేదు! నా బండికి లాకింగ్ హబ్‌లు (చక్రాన్ని యాక్సిల్ నుంచి విడదీసేవి) లేవు, ముందు యాక్సిల్‌ని విడదీసే ఏర్పాటూ లేదు. అందుకని టూవీల్ డ్రైవ్‌లో ఉన్నా ముందు షాఫ్ట్ చక్రాలతో పాటు తిరుగుతూనే ఉంటుంది. మీకు హబ్‌లు ఉంటే, వాటి లాక్ తీసి హైవే మీద పోయేటట్టయితే, 6 పెట్టుకుని హాయిగా ఉండొచ్చు. నెమ్మదిగా పోయే లో రేంజ్ గేర్లలో షాఫ్ట్ తిరిగే వేగానికి ఆ కోణం పెద్ద లెక్కలోకి రాదు. నేను దిగి దిగి 4.8 దగ్గర ఆగాను. ఇక్కడ వణుకు లేదు, స్టీరింగ్ వెనక్కి వస్తోంది.

కొలవడం దగ్గరే చాలామంది తప్పుతారు. బండి చదునైన నేల మీద, బరువంతా టైర్ల మీద ఉండాలి, జాకీ మీద కాదు. మెషీన్ కాస్టర్ చూపించిన రోజే డిజిటల్ యాంగిల్ గేజ్‌తో పినియన్ కోణం కూడా రాసుకున్నాను. ఆ రెండింటి తేడా ఎప్పటికీ మారదు కాబట్టి, తర్వాత ఇంట్లో గేజ్ ఒక్కటే సరిపోయింది.

నా హౌసింగ్ మీద పై బోల్టుకీ కింది బోల్టుకీ మధ్య దూరం 200 మి.మీ. ఆ లెక్కన ఆర్మ్ 3.5 మి.మీ. మారితే ఒక డిగ్రీ. మరకి ఒక చుట్టుకి 2 మి.మీ. జరుగుతుంది. కానీ రెండో కొస రబ్బరు బుష్‌తో కలవాలంటే అరచుట్టు చొప్పునే తిప్పగలం, అంటే 0.3 డిగ్రీ. ఇంతకంటే సన్నగా దిద్దాల్సిన అవసరం నాకు రాలేదు. కుడీ ఎడమా సమానంగా ఉన్నాయో లేదో చుట్లు లెక్కపెట్టి నమ్మకండి, బోల్టు మధ్య నుంచి బోల్టు మధ్యకి కొలవండి. అయ్యాక టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్న కొలత) తప్పకుండా చూపించుకోవాలి.

వెనక కాస్టర్ గొడవ లేదు, కానీ షాఫ్ట్ రకం తెలియాలి. రెండు కొసలా ఒక్కొక్క క్రాసే ఉంటే, పినియన్ ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు వెనక యాక్సిళ్ళకి శక్తి పంచే గేరుపెట్టె) షాఫ్ట్‌కి సమాంతరంగా ఉండాలి. కోణంలో ఉన్న క్రాస్ ఒక చుట్టులో రెండుసార్లు వేగం పెంచి తగ్గిస్తుంది, అవతలి క్రాస్ అదే కోణంలో ఉంటేనే దాన్ని సరిచేస్తుంది. పై కొసన డబుల్ కార్డన్ (రెండు క్రాస్‌లు కలిపిన కీలు) ఉంటే పినియన్ నేరుగా దానివైపే చూడాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ముక్కు పైకి లేస్తుంది కాబట్టి నేను 1.5 డిగ్రీ కిందికే ఉంచాను. డబుల్ కార్డన్ షాఫ్ట్ బిగించి, పినియన్ మాత్రం పాత లెక్కలోనే వదిలేసి రెండు నెలలు తిరిగిన ఘనుణ్ణి నేను. కింది క్రాస్ పొడిపొడి అయ్యాక గాని బుద్ధి రాలేదు.

ఇక ఆర్మ్‌ల లోపాలు. 800 కిలోమీటర్లకే ఒక చెక్ నట్ (మర కదలకుండా బిగించేది) వదులై, బ్రేక్ వేసినప్పుడల్లా టక్కుమనేది. అన్నీ మళ్ళీ బిగించి పెయింట్ గీత గీశాను, తర్వాత కదల్లేదు. ముందు ఆర్మ్‌ల మరలకి, పట్టేయకుండా యాంటీ సీజ్ పూత రాశాను, వెనకవాటికి బద్ధకించాను. రెండేళ్ళకి వెనకవి విప్పాలంటే మంట పెట్టి, పానాకి పైపు తొడిగి తిప్పాల్సి వచ్చింది. రబ్బరు కొస బోల్టు ఒకటి బండి గాల్లో ఉండగా బిగించేశాను, ఆ బుష్ అయిదు నెలల్లో చిరిగింది. ఆ తప్పు నాదే. గ్రీజు పెట్టే బాల్ కొసలు బాగా నిలబడ్డాయి. కాకపోతే రోడ్డు చప్పుడు పాత ఆర్మ్‌ల కంటే కాస్త ఎక్కువే లోపలికి వస్తుంది.

20,000 దగ్గర ఒకసారి స్టీరింగ్ పిచ్చెక్కినట్టు ఊగింది. తెలిసినవాళ్ళంతా కాస్టర్ అన్నారు. కొలిస్తే 4.8 అలాగే ఉంది. ట్రాక్ బార్ (యాక్సిల్ పక్కకి జరగకుండా పట్టుకునే కడ్డీ) బోల్టు రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయింది. అది బాగుచేశాక ఊగడం మళ్ళీ రాలేదు.

ఎక్కువ రోడ్డు మీదే తిరిగి, లిఫ్ట్ 2 అంగుళాల లోపైతే క్యామ్ బోల్టులు (తిప్పితే ఆర్మ్ కొసని కాస్త జరిపేవి) సరిపోవచ్చు, గట్టి దెబ్బకి జారతాయని మాత్రం గుర్తుంచుకోండి. డ్రాప్ బ్రాకెట్లతో (ఆర్మ్‌ల ఛాసిస్ కొసని కిందికి దించేవి) ప్రయాణం దీనికంటే మెత్తగానే ఉంటుంది, కానీ అవి కిందికి వేలాడి ప్రతి రాయికీ తగులుతాయి.

మొన్న చూస్తే కాస్టర్ 4.7. ఎడమ పై ఆర్మ్ బాల్‌లో సన్నని ఆట మొదలైంది. విడిభాగాల పొట్లం తెచ్చి పెట్టుకున్నాను, ఈసారి బోల్టు బండి నేల మీద ఉండగానే బిగిస్తాను.